నూరు శాతం బ్యాటరీ, ఒక చూడి గేదె

మా ఆఫీసు బోర్డు మీద ఒకప్పుడు 'జిల్లా పాడి ప్రగతి కార్యాలయం' అని ఉండేది. రెండేళ్ల కిందటి గాలివానకి 'ప్ర' ఎగిరిపోయింది. అప్పట్నుంచీ 'పాడి గతి కార్యాలయం'గా చలామణీ అవుతున్నాం. ఎగిరిన అక్షరం తిరిగి రాయించాలని ఫైలు పెట్టాను. మా డి.డి. గారు, అనగా డిప్యూటీ డైరెక్టరు డాక్టర్ ఉప్పులూరి వామనరావు గారు, దాని మీద 'చర్చించండి' అని రాశారు. ఎవరితో చర్చించాలో రాయలేదు. అదీ మా పాడి, ఇదీ మా గతి.

నేను అక్కడ సీనియర్ అసిస్టెంటుని. సీనియర్ అన్నది నా మోకాళ్లకి, అసిస్టెంటు అన్నది నా జీతానికి వర్తిస్తాయి.

ఇదంతా నూకరత్నం వల్ల మొదలైంది. నూకరత్నం ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల ఒక పాక, ఒక గేదె ఉన్న మనిషి. గేదె పేరు సీతాలు. కిందటేడు శ్రావణంలో ఒక సోమవారం, కలెక్టరాఫీసులో ఫిర్యాదులు తీసుకునే రోజున, ఆవిడ వరసలో నిలబడి తన వంతు రాగానే ఇలా చెప్పింది.

"మా సీతాలు ఈనలేక కింద పడిపోయిందండి. డాక్టరమ్మగారికి ఫోన్ చేశాను. 'ఆఁ, చెప్పు నూకరత్నం' అన్నారు. నేను నోరు తెరిచేలోపు ఫోను ఆగిపోయింది. మళ్లీ చేస్తే ఇంకెవరో ఆవిడ, స్విచ్చాఫ్ అంది. పోనీ నువ్వు చెప్పమ్మా, దూడ కాలు అడ్డం తిరిగితే ఏం చెయ్యాలీ అని ఆవిణ్ణే అడిగాను. ఆవిడ ఇంగ్లీషులో కూడా స్విచ్చాఫ్ అందండి. దూడ పోయింది. పెయ్యదూడండి."

మా డాక్టరమ్మ జుబేదా గారిని సంజాయిషీ అడిగారు. ఆవిడ దాచుకోకుండా చెప్పేశారు. "ఆ పూట గొడ్ల లెక్కల యాప్‌లో నలభై గేదెల ఫోటోలు ఎక్కించానండి. గేదెకి నాలుగు ఫోటోలు. ముందు, వెనక, కుడి, ఎడమ. మధ్యాహ్నానికి నా ఫోను ప్రాణం పోయింది. తరవాత దూడ ప్రాణం పోయింది."

ఫిర్యాదు పైకి వెళ్లింది. పైకి వెళ్లినది ఏదైనా వానై కిందికి పడక తప్పదు. ఉత్తర్వు దిగడానికి మాత్రం తొమ్మిది నెలలు పట్టింది. ఈలోగా సీతాలు మళ్లీ చూడి కట్టింది. ఫైలుకీ గేదెకీ ఇంచుమించు ఒకటే కాలం పడుతుందని నాకు అప్పుడే తెలిసింది. తేడా ఏమిటంటే, గేదె ఈనాక పాలిస్తుంది. ఫైలు ఈనాక పరిపాలిస్తుంది.

ఉత్తర్వు ఇలా ఉంది.

'విషయము: సంచార దూరవాణి పరికరముల బ్యాటరీ దీర్ఘాయువు – శతాయు పథకము అమలు – తగు చర్య నిమిత్తము. రైతు సోదరీమణులు ఆపత్సమయమున ఫోను చేయగా, బ్యాటరీ లేనందున స్పందన కరువైనదను ఫిర్యాదును ప్రభుత్వము అత్యంత తీవ్రముగా పరిగణించినది. కావున ప్రతి జిల్లా కార్యాలయమునందలి ఫోన్లలో సాయంత్రం ఐదు గంటలకు మిగిలియున్న బ్యాటరీ శాతమును శతాయు యాప్ ద్వారా పంపవలెను. సదరు శాతము ప్రకారము జిల్లాలకు ర్యాంకులు ఇవ్వబడును. ఉదయం పది తరువాత ఛార్జింగు పెట్టుట నేరముగా పరిగణించబడును. చివరి ర్యాంకు పొందిన జిల్లా అధికారిపై చర్య గైకొనబడును.'

మూడు పేజీల ఉత్తర్వు. గేదె అన్న మాట కోసం రెండుసార్లు వెతికాను. దొరకలేదు. దూడ కూడా లేదు.

మొదటి రోజు మా జిల్లా చివరి నుంచి రెండోది. డి.డి. గారు పదకొండు ఫోన్లనూ బల్ల మీద వరసగా పేర్పించి, శవ పంచనామాకి వచ్చినవాడిలా వాటి చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"ఇకమీదట మీరే వీటికి ఇన్‌ఛార్జి," అన్నారు నాతో.

ముప్పై ఏళ్ల సర్వీసులో ఛార్జి మెమో తీసుకున్నాను, బస్సు ఛార్జీలు తీసుకున్నాను. ఛార్జర్లు తీసుకోవడం ఇదే మొదలు.

మర్నాడు మీటింగు పెట్టారు. డి.డి. గారు ఎక్కడో చదివి చీటీ మీద రాసుకొచ్చారు. "బ్యాటరీకి ప్రధాన శత్రువు తెర వెలుతురు. కావున తెర వెలుతురును కనిష్ఠ స్థాయిలో ఉంచవలెను."

ఉంచాం. ఆ వెలుతురులో తెర మీద ఏముందో పట్టపగలు ఆఫీసులో ఎవరికీ కనపడలేదు. ఎలా అని ఆయన్నే అడిగాం. ఆయన కిటికీ వైపు చూశారు. సాయంత్రానికల్లా ఆఫీసు స్టోరులో ఉన్న గోనెపట్టాలన్నీ తెచ్చి కిటికీలకి మేకులు కొట్టించారు. ట్యూబులైట్లు తీయించారు. మా ఆఫీసులో అంధకారం ముందు నుంచీ ఉన్నదే. ఆ రోజుతో అది అధికారం అయింది.

చీకట్లో అటెండరు వీరబాబు నా టీ తీసుకెళ్లి కేషియరుకి ఇచ్చాడు. కేషియరు అది తాగి, 'ఇన్నాళ్లకి పంచదార సరిపోయింది' అన్నాడు. టపా రిజిస్టరులో సంతకం పెట్టబోయి టైపిస్టు నా చొక్కా జేబు మీద పెట్టింది. అది ఇప్పటికీ పోలేదు. అందులో తారీఖు కూడా ఉంది.

ర్యాంకు కొంచెం పెరిగింది. పెరిగింది కనక డి.డి. గారికి రుచి మరిగింది. గంట గంటకీ బ్యాటరీ శాతం చూసి రిజిస్టరులో రాయమన్నారు. ఇక్కడే ఇన్‌ఛార్జి పీకల్దాకా మునిగాడు. ఫోను వెలిగిస్తే గానీ శాతం కనపడదు. వెలిగిస్తే శాతం తగ్గుతుంది. ఎంత తగ్గిందో మళ్లీ చూస్తే ఇంకాస్త తగ్గుతుంది. ఆ వారాంతానికి నాకు నోటీసు వచ్చింది: 'నమోదు సమయమున బ్యాటరీ శాతము ఎందువలన తగ్గుచున్నదో తెలుపవలెను.'

'చూసినందువలన' అని రాసిచ్చాను.

డి.డి. గారు దాని కిందే ఆకుపచ్చ సిరాతో రాశారు: 'చూడకుండా చూడండి.'

తరవాత వంతు ఫోన్ కాల్స్‌ది. ఫోనెత్తితే ఒక శాతం పోతోంది. ఎత్తకుండా వదిలేస్తే మోగి మోగి అర శాతం పోతోంది. మోగకుండా నొక్కేస్తే వణుకుతోంది. వణికినా పోతోంది. నాలుగు రోజులు లెక్కలు వేయించి డి.డి. గారు తేల్చారు.

"ఈ కార్యాలయపు బ్యాటరీ క్షీణతకు మూల కారణం రైతులు. వారు ఫోన్ చేయుచున్నారు."

"మరి ఏం చేద్దామండీ?" అన్నాన్నేను.

"విమానం మోడు."

వీరబాబు బుర్ర గోక్కున్నాడు. "మన ఊళ్లో రైలుకే దిక్కు లేదు కదండీ."

మోడు అంటే ఆకులు రాలిన చెట్టని చిన్నప్పుడు చదువుకున్నాం. సరిగ్గా అదే జరిగింది. కాల్స్ రాలాయి, మెసేజీలు రాలాయి, గోడ గడియారం చప్పుడు మాత్రం మిగిలింది. సాయంత్రం అయిదయ్యేసరికి ఒక్కసారి విమానాలు దించేవాణ్ని. యాప్‌లో శాతం పంపి మళ్లీ ఎగరేసేవాణ్ని.

జనం ఊరుకున్నా జుబేదా గారు ఊరుకోలేదు. తన సొంత ఫోను నంబరు రైతులకి ఇచ్చుకున్నారు. అది తెలిసి డి.డి. గారు ఆవిణ్ణి గదిలోకి పిలిచారు.

"సొంత ఫోనులో మాట్లాడి సర్కారు ఫోనులో బ్యాటరీ మిగుల్చుట మోసపూరిత పొదుపు కిందికి వస్తుంది డాక్టరుగారూ. రేపు తనిఖీలో నేను ఏమని జవాబు చెప్పాలి?"

"రైతులకి నేను ఏమని జవాబు చెప్పాలండీ?"

"మీరు జవాబు చెప్పనవసరం లేకుండానే కదా ఈ ఏర్పాటు."

అందరి సొంత ఫోన్లూ ఆఫీసు టైములో డి.డి. గారి బీరువాలోకి వెళ్లాయి. తాళం ఆయన నడుముకి.

అలాంటి చీకటి రోజుల్లో ఒక రోజు, పొద్దున్న పదకొండింటికి, నూకరత్నం ఆఫీసు గుమ్మంలో నిలబడింది. లోపలికి తొంగి చూసి, ఏమీ కనపడక, గాల్లోకి అడిగింది.

"ఎవరండీ లోపల? కరెంటు పోయిందాండీ?"

"లేదమ్మా. పొదుపు."

"మీరాండీ, గొంతు బట్టి పోల్చాను. నేనండీ, నూకరత్నాన్ని." తడుముకుంటూ వచ్చి నా బల్ల పట్టుకుంది. "పది రోజులబట్టీ ఫోన్ చేస్తున్నానండి. అందుబాటులో లేరంటోంది ఆవిడ. కిందటేడు ఆవిడేనండి, గొంతు మారలేదు."

"మా ఫోన్లకేం, దివ్యంగా ఉన్నాయి. నిన్న సాయంత్రానికి తొంభై ఆరు శాతం."

"మరి ఎత్తరేంటండీ?"

"ఎత్తితే తొంభై అయిదు అయిపోతుందమ్మా."

చీకట్లో మొహం కనపడకపోవడం ఎంత సుఖమో ఆ క్షణంలో నాకు తెలిసింది.

"సీతాలు వచ్చే అమావాస్యకి అటూ ఇటూగా ఈనుతుందండి," అంది. "కిందటిసారి దూడ పోయింది. ఈసారి కూడా అడ్డం తిరిగి ఆలస్యమైతే తల్లి కూడా దక్కదని డాక్టరమ్మ చెప్పారు. అది పోతే నా పాకలో నేనూ, గుంజా మిగులుతాం. ఆరోజు ఫోన్ చేస్తే వస్తారా రారా, ఒక్కమాట చెప్పండి. వెళ్లిపోతాను."

వెళ్లి డి.డి. గారిని అడిగాను. ఆయన నొచ్చుకున్నారు.

"ఆవిడ ఫిర్యాదు వల్లనే కదయ్యా పథకం వచ్చింది. ఆవిడకే దాని మీద నమ్మకం లేకపోతే ఎలా? ఆపత్సమయంలో బ్యాటరీ ఉండాలనే కదా ఈ తపస్సు. ఉంటుందని చెప్పు. నిండుగా ఉంటుందని చెప్పు."

"ఫోనెత్తుతామా అని అడుగుతోందండి."

"ఎత్తమని ఉత్తర్వులో లేదు. లేనిది చేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది."

నేను తిరిగొచ్చి, ఆయన మాటల్ని వీలైనంత మెత్తగా నలిపి చెప్పాను. నలిపినా రాయి రాయే. చూడి గేదె ఉన్న మనిషి చూడని ఆఫీసుకొస్తే ఇంకేం దొరుకుతుంది.

నూకరత్నం కొంగు బిగించుకుంది. "సరేనండి. ఫోను కలవకపోతే గేదెనే తోలుకొస్తాను."

"అలాగే తీసుకురా అమ్మా," అన్నాన్నేను. మర్యాదకి అన్న మాట. మర్యాదకి అన్నవాటిని జనం ఎప్పుడు నిజంగా తీసుకుంటారో మాకు ట్రైనింగులో చెప్పలేదు.

ఈలోగా మేం తొంభై ఆరు దగ్గర ఆగిపోయాం. రాష్ట్రంలో ఏ జిల్లా తొంభై ఏడు దాటలేదు. ఆ ఒక్క శాతం కోసం డి.డి. గారికి నిద్ర పట్టడం లేదు. చివరికి చీటీలో ఇంకో వాక్యం కనపడింది. వేడి తగిలితే బ్యాటరీ ఆయువు తగ్గును.

మా ఆఫీసు మొత్తానికి చల్లని చోటు ఒక్కటే ఉంది. టీకాల ఫ్రిజ్.

"సార్, ఫోన్లు అందులో పెడితే గాలికుంటు టీకాలు ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నారు జుబేదా గారు.

"టీకాలకు ర్యాంకు లేదు డాక్టరుగారూ."

"ఐసు డబ్బాలో పెడితే ఒక్క రోజు మించి ఆగవండి. పాడైపోతాయి."

"అయితే ఒక్క రోజులో వేసెయ్యండి. అదీ ప్రగతే కదా."

పదకొండు ఫోన్లు ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. టీకాలు బయటికొచ్చాయి. అవి పాడవకముందే వేసెయ్యాలని మర్నాడు పొద్దున్నే జుబేదా గారు ఐసు డబ్బా పట్టుకుని, ఇరవై రెండు కిలోమీటర్ల అవతల రాళ్లగెడ్డలో క్యాంపుకి బయల్దేరారు. ఆవిడ సర్కారు ఫోను ఫ్రిజ్‌లో. సొంత ఫోను బీరువాలో. ఆవిడ చేతిలో సిరంజి, నెత్తి మీద ఎండ.

ఆ రోజే అమావాస్య.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆఫీసు ముందు ట్రక్కు ఆటో ఆగిన చప్పుడైంది. వెంటనే ఒక అరుపు. మనిషిది కాదు. మేమంతా గుమ్మంలోకి వచ్చేసరికి కళ్లు చీకట్లు కమ్మాయి. చీకటికి అలవాటు పడ్డవాళ్లం కదా, వెలుగే చీకటైంది. కళ్లు నిలదొక్కుకున్నాక చూస్తే, ఆటోలోంచి దింపిన సీతాలు మా వరండా ముందు పక్కకి ఒరిగి పడుకునుంది. తోక కింద ఒకటే కాలు బయటికొచ్చి ఉంది. రెండోది లేదు.

నూకరత్నం గేదె తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "తెల్లారగట్ల నుంచి తిప్పలు పడుతోందండి. డాక్టరమ్మని పిలవండి."

"క్యాంపుకి వెళ్లారమ్మా."

"ఫోన్ చెయ్యండి."

నేను డి.డి. గారి మొహం చూశాను. డి.డి. గారు ఫ్రిజ్ ఉన్న గది వైపు చూశారు. పదకొండు ఫోన్లలో నిండా బ్యాటరీ ఉంది. అందులో ఏ ఫోనుతో చేసినా, మోగాల్సిన ఫోను కూడా ఆ పదకొండులోనే ఉంది.

వీరబాబు అప్పటికే స్కూటరు తీశాడు. "నేను వెళ్లి తీసుకొస్తానండి. రానూ పోనూ గంటన్నర."

"గంటన్నర ఇది ఆగదు," అంది నూకరత్నం. ఏడవలేదు. తల తిప్పి గోడ మీది పేరు పలక వైపు చూసింది. "బాబుగారూ, మీ పేరు ముందు కూడా డాక్టరని రాసుందండి."

డి.డి. గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, నేను పరిపాలనా విభాగమునకు చెందిన..."

"గొడ్ల డాక్టరు చదువు చదివారా లేదా?"

"చదివాను. కానీ పంతొమ్మిదేళ్లుగా నేను ఒక్క పశువును కూడా..."

"చెయ్యి ఉంది కదండీ," అంది నూకరత్నం. "నాకూ ఉంది, కానీ నాకు తెలీదు. మీకు తెలుసు."

వామనరావు గారు అలా నిలబడిపోయారు. పొట్టి మనిషి. పేరుకి తగ్గట్టే ఉంటారు. ఆ వేళ మాత్రం మొదటి అడుగు వెయ్యడానికే మూడు లోకాలు దాటినంత సేపు పట్టింది. తరవాత గడియారం విప్పి నా చేతికిచ్చారు. చొక్కా విప్పి వరండా కటకటాలకి తగిలించారు. కళ్లజోడు తీయబోయి మళ్లీ పెట్టుకున్నారు.

"సబ్బునీళ్లు," అన్నారు. "నూనె. రెండు మెత్తటి తాళ్లు."

మట్టిలో బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పోనిచ్చారు. భుజం దాకా పోయింది. కళ్లు మూసుకున్నారు. పోగొట్టుకున్న తాళంచెవి బావిలో వెతుక్కుంటున్నవాడిలా ఉన్నారు. కాసేపటికి పెదాలు కదిలాయి.

"తల ఉంది. ఇది ముక్కు. బతికే ఉంది, వేలు చీకుతోంది." చెయ్యి పక్కకి తిప్పారు. "కుడికాలు మోకాలి దగ్గర వెనక్కి మడిచేసుకుంది దొంగముండ."

ఆ నోట ఫైలు వాసన లేని వాక్యం వినడం నాకు అదే మొదలు. అక్కడ్నుంచి వాక్యాలన్నీ పొట్టివైపోయాయి. "వెనక్కి తోస్తున్నా, మీరు లాగకండి. గిట్ట అరచేత్తో మూసుకోవాలి, లేకపోతే గర్భసంచి చిరుగుతుంది. మా మేష్టారు ఇదే చెప్పేవాడు, నా వీపు మీద కొట్టి మరీ చెప్పేవాడు. ఆఁ. వచ్చింది. తాడు. తాడెక్కడయ్యా?"

తాళ్లు కట్టారు. కేషియరు ఒక తాడు, టైపిస్టు ఇంకో తాడు. నేను ఇన్‌ఛార్జిని కనక తోక పట్టుకున్నాను.

"ఇప్పుడు కాదు. ఆగండి. అది ముక్కినప్పుడు లాగాలి, మీరు ముక్కినప్పుడు కాదు. ఇప్పుడు. కిందికి. కిందికయ్యా కేషియరూ, నీ వైపుకి కాదు."

ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. గడియారం నా జేబులోనే ఉంది, చూసే చెయ్యి ఖాళీ లేదు. దూడ ఒక్కసారిగా జారి వచ్చి డి.డి. గారి మీద పడింది. నల్లగా, జిగురుగా, కదలకుండా పడుకుంది.

నూకరత్నం దాని వైపు చూడలేదు. గేదె కళ్లలోకే చూస్తూ కూర్చుంది.

"గుడ్డలు," అన్నారు డి.డి. గారు. "గోనెలు ఏమన్నా ఉన్నాయా?"

ఉన్నాయి. టైపిస్టూ నేనూ లోపలికి పరిగెత్తి కిటికీల మీది పట్టాలు మేకులతో సహా పీకేశాం. రెండు నెలల తరవాత ఆఫీసులోకి ఎండ పడింది. లోపల అంత బూజు ఉందని అప్పుడే తెలిసింది. డి.డి. గారు ముక్కులోని జిగురు తుడిచి, వెనక కాళ్లు పట్టుకుని తల కిందికి వేలాడదీసి, గోనెతో రుద్దారు. రుద్దుతూనే ఉన్నారు. చీపురు పుల్ల ఒకటి అందుకుని ముక్కులో పెట్టి గుచ్చారు.

దూడ తుమ్మింది.

"పెయ్యదూడ," అన్నారు డి.డి. గారు, దూడని నూకరత్నం వైపు జరుపుతూ. ఆ మాట అనేసి వరండా మెట్టు మీద కూలబడ్డారు. నూకరత్నం అప్పుడు ఏడ్చింది. సీతాలు మెడ తిప్పి దూడని నాకడం మొదలెట్టింది.

మాయ కూడా పడేదాకా వాళ్లందర్నీ చూస్తూ నించున్నవాణ్ని, జేబులో గడియారం గుర్తొచ్చి తీస్తే అయిదుకి నాలుగు నిమిషాలు తక్కువ. ఇన్‌ఛార్జి ప్రాణం గతుక్కుమంది. అవే చేతులతో ఫ్రిజ్ తెరిచి, పదకొండు విమానాల్నీ దింపి, యాప్‌లో శాతం పంపాను. పన్నెండు నుంచీ ఎవరూ వాటి మొహం చూడలేదు. వెలిగించలేదు, రాయలేదు, తడమలేదు.

తొంభై తొమ్మిది.

ఆరింటికి జుబేదా గారు వీరబాబు స్కూటరు దిగారు. దారిలో టైరు పంక్చరయి, అతికేవాడు దొరికేసరికి సాయంత్రమైందట. కాళ్ల మీద నిలబడ్డ దూడనీ, మాయ పడిపోయిన గేదెనీ పరీక్షించి, "ఎవరు చేశారిది?" అన్నారు.

"డి.డి. గారు," అన్నాన్నేను.

"ఏ డి.డి. గారు?"

మూడో రోజు వీడియో కాన్ఫరెన్సు. గోడ మీద కమిషనరు గారు, చుట్టూ చిన్న చిన్న గళ్లలో జిల్లాల అధికారులు, చీకటి గదుల్లో. అప్పుడే తెలిసింది, గోనెపట్టాల ఆలోచన మా ఒక్కరికే వచ్చింది కాదని.

"వామనరావు గారూ, అభినందనలు," అన్నారు కమిషనరు. "రాష్ట్రంలో మీదొక్కటే తొంభై తొమ్మిది నమోదైన జిల్లా. ఆ రోజు మీరు అనుసరించిన ప్రత్యేక విధానమేమో వివరించండి. ఆదర్శ విధానంగా అన్ని జిల్లాలలో అమలుపరుద్దాం."

డి.డి. గారు లేచి నిలబడ్డారు. చేతులు కట్టుకోబోయి గోళ్ల వైపు చూసుకున్నారు. ఎంత తోమినా అంచుల్లో ఆ నలుపు ఇంకా పోలేదు.

"ఆ రోజు మేం పని చేశామండి," అన్నారు.

గళ్లలో బొమ్మలన్నీ కదలడం మానేశాయి. నెట్టు ఆగిందేమో అనుకున్నాను. నెట్టు బాగానే ఉంది.

కమిషనరు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "అది అన్ని జిల్లాలలో సాధ్యపడదు. టెక్నికల్‌గా ఏమైనా చెప్పండి."

"ఒక గేదె వచ్చిందండి," అన్నారు డి.డి. గారు. "ఈనింది."

కమిషనరు గారి పక్కన ఎవరో అది రాసుకోవడం తెర మీద కనపడింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు దిగింది. ఈసారి తొమ్మిది నెలలు పట్టలేదు, నెలలు నిండకుండానే పుట్టింది. 'ప్రతి జిల్లా కార్యాలయ ఆవరణలో, మధ్యాహ్నం పన్నెండు నుండి ఐదు గంటల వరకు, ఒక నిండుచూలి గేదెను కట్టియుంచవలెను. సదరు గేదె బ్యాటరీ పరిరక్షణకు దోహదపడుచున్నట్లు క్షేత్రస్థాయిలో రుజువైనది. గేదె ఈనినయెడల, ఆలస్యము లేకుండా ఈనని గేదెతో భర్తీ చేయవలెను. ఈనుట వలన సిబ్బంది దృష్టి మరలకుండ జాగ్రత్త వహించవలెను.'

మూడు పేజీలు. ఈసారి వెతకనక్కర్లేకుండానే గేదె ఉంది. ఫోనెత్తడం మాత్రం ఇందులోనూ లేదు.

డి.డి. గారు దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివారు. మడిచారు. లేచి వెళ్లి ఫ్రిజ్ తెరిచి ఫోన్లన్నీ బయటికి తీసి, జుబేదా గారి ఫోను ఆవిడ చేతిలో పెట్టారు.

"విమానం దించండి. టీకాలు లోపల పెట్టండి."

"ర్యాంకు పోతుందండి," అన్నారు ఆవిడ.

"పోనివ్వండి. దాని కాలు ముందే అడ్డం తిరిగింది."

ఆ సాయంత్రం మేం పంపింది పద్నాలుగు శాతం. ఆ తరవాత పద్నాలుగు రోజులూ ఇంచుమించు అదే. రాష్ట్రంలో ఆఖరు. పదిహేనో రోజున డి.డి. గారికి ఛార్జి మెమో వచ్చింది. సర్కారు ఫోన్లకి ఛార్జి లేకపోతే మనిషికి ఛార్జి ఇస్తారు. 'బ్యాటరీ శాతము తొంభై తొమ్మిది నుండి పద్నాలుగుకు పడిపోవుటకు గల కారణములను, తగు ఆధారములు జతపరచి, మూడు దినములలో తెలుపవలెను.'

సంజాయిషీ రాసుకోమని నన్ను పిలిచారు. నేను కాగితం సర్దుకుంటున్నాను. అదే సమయానికి నూకరత్నం మూత పెట్టిన గిన్నె పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. మిరియాలు, బెల్లం వేసి వండిన జున్ను. ఈనిన గేదె జున్ను పురుడు పోసినవాళ్లకి పంపకపోతే పాలు నిలవవట.

"ఆలస్యమైందండి," అంది. "సీతాలువి పాలు ఎప్పుడో పలచబడ్డాయి. ఇవి మా మరిది గేదెవి. లెక్క లెక్కేనని తెచ్చాను."

"దూడ ఎలా ఉంది?" అన్నారు డి.డి. గారు.

"మీరు కటకటాలకి తగిలించిన చొక్కా నమిలేసింది కదండీ ఆవేళ. అప్పట్నుంచీ ఆరోగ్యం బావుంది."

డి.డి. గారు చెంచా అందుకుని, నా వైపు తిరిగి చెప్పడం మొదలెట్టారు. "రాసుకో. ఆర్యా. పై విషయమునకు సంబంధించి..."

బల్ల మీద ఫోను మోగింది. మూడు శాతం ఉంది, ఎర్రగా మెరుస్తోంది. ఆయన చెంచా పక్కన పెట్టి ఎత్తారు.

"ఆఁ, చెప్పండి. ఎప్పట్నుంచీ? తల కనపడుతోందా? లాగకండి, నేనొస్తున్నా. ఏ ఊరో ముందు చెప్పండి, ఆగిపోతుంది."

ఊరి పేరు వినపడ్డాక ఆగిపోయింది. ఆయన మేకుకున్న తాళ్లు తీసి భుజాన వేసుకుని వెళ్లిపోయారు. ఖాళీ కాగితం, సగం జున్నూ నా ముందు మిగిలాయి. గడువు ఆ రోజే. సీనియర్ని కనక నేనే రాసేశాను.

'పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, బ్యాటరీ వాడినందువలన అయిపోయినది. జతపరచిన ఆధారములు: లేవు. ఒక పెయ్యదూడను జతపరచవలెనని ప్రయత్నించితిమి. తల్లి అంగీకరించలేదు.'